నిలపండి

నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులకు అంజినమ్మ పొద్దుటి మేత వేస్తోంది. కుబుసం విడిచే ముందు పట్టుపురుగు తల ఎత్తి కదలకుండా పడి ఉంటుంది, దాన్నే జ్వరమంటారు. లేచాక దాని ఆకలికి అంతుండదు. కెలమంగలంలోని ఈ షెడ్డులో ఎడమ వరస తట్టలు అక్క వెంకటమ్మవి, కుడి వరసవి అంజినమ్మవి. ఇప్పుడు రెండు వరసలూ తనే చూసుకుంటోంది. మల్బరీ పసరెక్కి వేళ్ళ సందులు నల్లబడ్డాయి. వంగిన నడుము లేవాలంటే పక్కనున్న గుంజ పట్టుకోవాల్సి వస్తోంది.

"ఈ పొద్దు ఆస్పత్రికి పోవాల గదమ్మా నువ్వు. సర్కారు డాక్టరమ్మ వస్తాదంట," అన్నాడు షెడ్డు యజమాని శ్రీనివాసప్ప.

"మేతేసి పోతానప్పా. ఆకలి మీదుండాయి."

అక్క ఈ షెడ్డులోనే పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. అప్పటినుంచీ హోసూరు ఆసుపత్రిలో మిషనే ఆమెకు ఊపిరి పోస్తోంది. ఇంక లేవదని డాక్టర్లు తేల్చేశారు. ఇంటివాళ్ళు కోరితే మిషను తీసేయవచ్చన్నారు కానీ, ఆ మాట వాళ్ళూ డాక్టర్లూ అనుకుంటే చాలదట. ప్రభుత్వం తరఫున కృష్ణగిరి నుంచి ఒక డాక్టరు వచ్చి రోగిని చూడాలట, బంధువును విడిగా అడగాలట, కోర్టుకు తెలియజేయాలట. ఇన్నేళ్లలో సర్కారు ఆ అక్కచెల్లెళ్ళను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు కారు వేసుకుని మరీ వస్తోంది.

బస్సులో కిటికీ పక్కన ఖాళీ ఉన్నా అంజినమ్మ ఇవతలి సీట్లోనే కూర్చుంది. కిటికీ పక్క ఎప్పుడూ అక్కదే. అమ్మ పోయేనాటికి అంజినమ్మకు పాలపళ్ళు కూడా ఊడలేదు. అక్క లెమ్మంటే లేచింది, తినమంటే తింది. ఒకసారి పెళ్ళి సంబంధం వచ్చింది. అక్క ముఖం చూసింది, అక్క వద్దన్నట్టు తల ఊపింది, సరేననుకుంది. దానికి బాధపడిందీ లేదు. ఈ చీర కట్టుకో అని చెప్పేవాళ్ళు లేక కొన్నాళ్ళుగా చేతికందిందే కడుతోంది.

కృష్ణగిరి నుంచి వచ్చిన డాక్టరు కలైసెల్వి తమిళావిడ. తెలుగు ఒక్కొక్క మాటా ఏరుకుంటున్నట్టు నిదానంగా మాట్లాడింది. అంజినమ్మను చిన్న గదిలో కూర్చోబెట్టింది. వార్డు నర్సు నేత్ర తలుపు దగ్గర నిలబడింది.

"మిమ్మల్ని ఎవురన్నా బలవంతం చేసినారామ్మా?"

"లేదు మ్యాడం."

"మీ అక్కకు ఏం చెయ్యాల? మీ నోటితో మీరే చెప్పండి."

"నిలపండి మ్యాడం."

నేత్ర కలగజేసుకుంది. "మొదటి రోజు కూడా ఈమె ఇదే మాట అనింది మ్యాడం. డాక్టరు కాళ్ళు పట్టుకోని, నిలపండి నిలపండి అని ఏడ్చింది."

నిజమే. ఆ రోజు అన్నది వేరు.

కలైసెల్వి పెన్ను కింద పెట్టింది. "ఏది నిలపాలమ్మా? ప్రాణమా, మిషనా?"

అంజినమ్మకు భయం వేసింది. ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాట చాటున తల దాచుకుంటున్నానని అప్పుడు తెలిసింది. "మా అక్కనడిగి చెప్తాను," అనేసింది.

ఎవరూ నవ్వలేదు. "సరే, పోయి అడిగి రాండమ్మా," అంది కలైసెల్వి.

అక్క ముఖం ఉబ్బి ఉంది. నోట్లో గొట్టం కదలకుండా ప్లాస్టరు అంటించారు. ఎద లేచి పడుతోంది కానీ అది మిషను చేస్తున్న పని. అంజినమ్మ ఆ ముఖం వైపు చాలాసేపు చూసింది. తల ఊపుతుందేమోనని నిజంగానే చూసింది. ఏడుపు రాలేదు. అక్క చెవి పక్కన జుట్టు సర్ది, మళ్ళీ గదిలోకి వచ్చింది.

"అక్క ఏమీ చెప్పలే మ్యాడం. నేనే చెప్తా ఉండా. మిషను నిలపండి. మా అక్కను ఇంక ఇడిసిపెట్టండి."

తనకు తోచింది తనే చెప్పడం ఆమెకు అదే మొదలు. చెప్పాక తేలిక పడలేదు, బరువెక్కనూ లేదు.

కోర్టుకు కబురు పోయి, గొట్టం తీసేసరికి సాయంత్రమైంది. అంజినమ్మ అక్క పాదం పట్టుకుని కూర్చుంది. చల్లబడింది పాదమో, తన చెయ్యో తెలియలేదు. నేత్ర వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే లేచి నిలబడింది.

అక్కను తీసుకుని కెలమంగలం చేరుతుండగా అంబులెన్సు డ్రైవరు వెనక్కి తిరిగి, "యాడ నిలపాలమ్మా?" అని అడిగాడు. ఆమె చేత్తో చూపించింది. షెడ్డు పక్క గదిలోనే అక్కచెల్లెళ్ళ కాపురం.

సాయంత్రం మేత శ్రీనివాసప్ప వేసినట్టున్నాడు, షెడ్డులో లైటు వెలుగుతోంది. తలుపు పక్కన మేకుకు అక్క స్వెటరు వేలాడుతోంది. లోపల వెచ్చగా ఉంటుందని పడిపోయిన రోజు పొద్దున విప్పి తగిలించింది. దాని చేతులకు మోచేతుల దగ్గర వంపు ఇంకా పోలేదు.