సారు సీసా, పెద్దయ్య దొప్ప

“మిథనాల్ పడితే కారు పులైపోద్ది” అన్నాడు ఉదయ్ భాస్కర్.

“మీ ధనాలు మాకెందుకు బిడ్డా” అన్నాడు షెడ్డు ముందు కూర్చున్న భీమయ్య.

పర్ణశాల రోడ్డులో ఆ షెడ్డు నడిపే మెకానిక్ శ్యామల నవ్వలేదు. పెద్దయ్య చెవులకు వయసొచ్చింది. సత్తుపల్లి పామాయిల్ తోటల వారసుడైన ఈ సారు బుర్రకు ఇంకా రాలేదు. టర్బో ఇంజన్లోకి మిథనాల్ చిమ్మితే లోపలి వేడి తగ్గి ఊపు పెరుగుతుంది. ఆ పంపు బిగించమని వారంగా ఆమె ప్రాణం తోడేస్తున్నాడు. బిగించింది. సెన్సారు మాత్రం వద్దంటాడు.

“మిథనాల్ ట్యాంకు ఖాళీ అయితే అది టర్బో జోరు తగ్గిస్తదంట. నాకు జోరే కదా కావాల్సింది?”

“మిథనాల్ ఆగి జోరు ఆగకపోతే పిస్టన్లు కరుగుతయ్ సార్. సెన్సు లేనికాడ సెన్సారన్నా ఉండాలె గద.”

అతని తలకెక్కలేదు. ఎక్కడానికి పైన జాగా ఉండాలి. మిగిలిన మిథనాల్‌ను నీళ్ల సీసాలో పోసి బానెట్ మీద పెట్టాడు.

“చీటీ లేకుంట గట్ల పెట్టొద్దు సార్. గుక్కెడు తాగితే కండ్లు పోతయ్, పానం పోతది.”

“ఎవడు తాగుతాడు?” అంటూ సెల్ఫీకి మూతి సవరించుకున్నాడు.

శ్యామల చీటీ కోసం లోపలికెళ్లింది.

ఆ షెడ్డులో ఏ బండి బాగైనా తొలి ఇప్పసారా చుక్క చక్రానికి, మలి గుక్క భీమయ్యకు. ముందు చక్రం దగ్గర నిమ్మకాయ మీద కర్పూరం వెలుగుతోంది. బానెట్ మీద తెల్లటి సీసా. సారు సారా తెచ్చాడనుకుని పెద్దయ్య ఆకుదొప్పలోకి ఒంపుకుని, చక్రానికి కాస్త చల్లాడు.

శ్యామల బయటికొచ్చేసరికి మంట కనబడలేదు, చక్రం కింది గడ్డి మాత్రం నల్లగా ముడుచుకుపోతోంది. దొప్ప పెద్దయ్య పెదవి దాకా వచ్చింది. ఒక్క అంగలో దాన్ని దూరంగా కొట్టేసింది. ఇంతలో చక్రం పక్కనే నిలబడ్డ సెల్ఫీ సారు ప్యాంటు అంచు పొగలు కక్కింది. ఏం కాలుతోందో తెలియక అతను గెంతుతుంటే బకెట్టు నీళ్లు అతని మీద, బకెట్టు నీళ్లు గడ్డి మీద కుమ్మరించింది.

రోడ్డవతలి టీ బండి దగ్గరివాళ్లంతా మూగారు.

“ఏందే, దేవుని సారా పారబోస్తివి?” అన్నాడు భీమయ్య.

“అది సారా కాదు పెద్దయ్యా, సారుది. మిథనాల్, విషం. ఎండల దీని మంట కంటికి కనవడదు. మొదలు చక్రానికి పోసే అలవాటు లేకుంటే ఇయ్యాల నువ్వు గుటుక్కున మింగేటోనివి.” సీసాకు చీటీ అంటించి, కారు తాళంచెవి జేబులో వేసుకుంది. “సెన్సారు పెట్టేదాంక ఇది నాకాడనే ఉంటది సార్.”

భీమయ్య తడిసిన సారును కిందనుంచి పైదాకా చూశాడు.

“మొదలే చెప్పిన గద బిడ్డా, మీ ధనాలు మాకొద్దని.”