అక్క ఆగినప్పుడల్లా

పొద్దున్నే ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. తల్లి హాలు తుడుస్తుంది. తండ్రి ఫోను స్పీకరులో పెట్టి, గడ్డం గీసుకుంటూ, నెట్ కంపెనీ కస్టమర్ కేర్ వాళ్ళు ఎప్పుడు ఎత్తుతారా అని ఎదురు చూస్తుంటాడు. పెద్దకూతురు కిటికీ దగ్గర కంప్యూటరు ముందు, రెండు చేతులూ గాల్లో పెట్టి, ఆగిపోయి ఉంటుంది.

నెట్ ఆగితే ఆమె కూడా ఆగిపోతుంది. కెమెరా ముందు ఎవరుంటే వాళ్ళు ఆగుతారు. ఆ ఇంట్లో రోజంతా కెమెరా ముందుండేది ఆమే. ఆస్పత్రిలో డాక్టర్లు చెప్పే మాటల్ని, చెవులు వినపడని రోగులకి వీడియోలో సైగల భాషలో చెప్పడం ఆమె ఉద్యోగం. తల్లి ఆమె కుర్చీ చుట్టూ తుడిచి, మోచేతుల మీద దుమ్ము గుడ్డతో దులిపి, ముక్కు మీద వాలిన ఈగని తోలి తన పని తాను చూసుకుంటుంది. నెట్ వచ్చాక కూతురు, ఏ సైగ దగ్గర ఆగిందో ఆ సైగ దగ్గరే మళ్ళీ కదులుతుంది.

గొడవల్లా ఒకటే. ఆగిన సేపు ఆమెకి వయసు పెరగదు.

అక్కకీ చెల్లికీ రెండేళ్ళ తేడా ఉండేది. అది సబ్బుబిళ్ళలా అరిగి అరిగి, ఇప్పుడు వేలికి అంటుకునేంత మిగిలింది. చెల్లి, అంటే ఇంట్లో అందరూ చిన్నది అని పిలిచే అమ్మాయి, కాలేజీలో డిబేట్లు గెలిచి తెచ్చిన కప్పులతో ఒక అల్మరా నింపింది. ఇంట్లో మాత్రం ఒక్కటీ గెలవలేదు.

"నాన్నా, ఇంకొన్నాళ్ళు ఇలాగే పోతే నేను పెద్దదాన్నైపోతాను. నాకు అక్క కావాలి. నేనే అక్కనవడం నాకొద్దు."

"ఉండవే, మ్యూజిక్ మారింది. ఎత్తుతారేమో."

ఎత్తలేదు. మ్యూజిక్కే మారింది.

వీధి చివర ఒకావిడ సొంతంగా నెట్ ఇస్తుంది. స్కూటరుకి నిచ్చెన కట్టుకుని తిరుగుతుంది కాబట్టి నిచ్చెనమ్మ అంటారు. ఆవిడ లైనుకి ఏదో పేరుంది గానీ, అడిగితే ఆవిడే కాస్త ఆలోచించి చెప్తుంది.

"ఊరూ పేరూ లేని లైను," అన్నాడు తండ్రి. "రేపు మూటాముల్లే సర్దుకుని పోతే ఎవర్ని పట్టుకుంటాం? మన కంపెనీకి ప్రతి చౌరస్తాలో బోర్డుంది."

"బోర్డులు ఫోనెత్తవు నాన్నా!"

"పైగా ఏడాదికి సరిపడా ముందే కట్టేశాం."

"అంటే? కట్టిన పాపానికి అక్కని వాడి దగ్గర తాకట్టు పెట్టేశామా?"

"పొద్దున్నే మొదలెట్టకండి," అంది తల్లి. "చిన్నదానా, అక్కని కాస్త జరుపు. కుర్చీ కింద తుడవాలి."

ఊరికే మాట్లాడి చూద్దామని నిచ్చెనమ్మని పిలిచారు. నిచ్చెన గుమ్మం బయట ఆనించి, చెప్పులు విప్పి, లోపలికొచ్చి నిలబడింది. తండ్రి పరీక్షాధికారిలా కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మీ లైను ఎప్పుడూ ఆగదా?"

"ఎందుకాగదండీ? గాలివానొస్తే ఆగుతుంది. ఉడతలు వైరు కొరికితే ఆగుతుంది."

"మరి దానికీ దీనికీ తేడా ఏముంది?"

"ఆగితే నేనొస్తానండీ."

"మీకే జ్వరమొస్తే?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. "అప్పుడు మీకూ నెట్ ఉండదండీ."

"విన్నావా?" అన్నట్టు తండ్రి చిన్నదాని వైపు చూశాడు.

"విన్నాను. మన కంపెనీ ఇన్నేళ్ళలో ఇంత నిజం ఒక్కటన్నా చెప్పిందా?"

నిచ్చెనమ్మ కిటికీ వైపు తల వంచి చూసింది. "ఈ అమ్మాయి ఎప్పట్నుంచి ఆగిపోయింది?"

"మొన్నట్నుంచి."

"చేతులు నొప్పెట్టవూ?"

"కదిలాక పెడతాయి," అంది తల్లి.

"ఆలోచించి చెప్తాం," అన్నాడు తండ్రి.

ఆలోచించడానికి వారం పట్టింది. ఎదురింటి టైలర్ని అడిగితే, "నెట్ బాగానే ఉంటుందండీ, ఆవిడ మాటలే ఆగవు," అన్నాడు. పైన అద్దెకుండే లెక్కల మాస్టారు, "తొందరెందుకు, కొన్నాళ్ళు ఆగి చూడండి," అని సలహా ఇచ్చాడు. "ఆగింది మేం కాదు మాస్టారూ, అక్క!" అని చిన్నది మెట్ల మీదే అరిచింది. ఇంతవరకూ అక్క ఎప్పుడూ ఇన్నాళ్ళు వరసగా ఆగలేదు. తండ్రి ఫోన్లో మ్యూజిక్ వింటూనే ఉన్నాడు. వినీ వినీ, అన్నం తినేటప్పుడు కూడా అదే రాగం తీస్తున్నాడు.

చివరికి కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని చుక్కలిస్తారు, అని.

చిన్నది ఆ మెసేజ్ చదివింది. అక్క వైపు చూసింది. అక్క కుడిచెయ్యికీ కంప్యూటరుకీ మధ్య సాలీడు గూడు కట్టడం మొదలెట్టింది. చిన్నది ఎవర్నీ ఏమీ అడక్కుండా చెప్పులేసుకుని వీధి చివరికి నడిచింది.

మధ్యాహ్నానికల్లా నిచ్చెనమ్మ వైరు కిటికీలోంచి లోపలికొచ్చింది. కంప్యూటరుకి తగిలించగానే అక్క చేతులు మొదలెట్టిన సైగ పూర్తిచేసి ఒళ్ళో వాలాయి. భుజాలు నొక్కుకుని, ఆవలించి, చుట్టూ చూసింది. చిన్నదాని వైపు ఒక్క క్షణం ఎక్కువ చూసింది.

"అక్కా, కాసిని మంచినీళ్ళిస్తావా?" అని చిన్నదాన్ని అడిగింది.

ఆ మిగిలిన కాస్త సబ్బుబిళ్ళా వారంలో కరిగిపోయింది.

"చూస్తూ నిలబడ్డావేం?" అన్నాడు తండ్రి. "పెద్దదానివి. చెల్లికి నీళ్ళివ్వు."

ఆ రోజు మొదలు ఆ మాట చిన్నదాని వెంటపడింది. పెద్దదానివి, కిటికీ పక్క మంచం చెల్లికివ్వు. పెద్దదానివి, మాటకి మాట చెప్పకు. పెద్దదానివి, అమ్మని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి నువ్వు కాక ఎవరు తీసుకెళ్తారు? ఆమె వాదించింది. "మొన్నటిదాకా చిన్నదాన్నే కదా!" "మొన్నటి సంగతి మొన్న," అన్నాడు తండ్రి. డిబేట్లలో ఇలాంటి జవాబుకి మార్కులు తీసేస్తారు. ఇంట్లో దీనికే చప్పట్లు.

కొత్త నెట్ మాత్రం ఒక్కసారే ఆగింది, వానలో. అక్క చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే రెయిన్‌కోటు వేసుకున్న నిచ్చెనమ్మ స్తంభం ఎక్కేసింది.

పాత వైరు ఇంకా గోడకి వేళ్ళాడుతూనే ఉంది. డబ్బు కట్టాం, ఉండనీ అన్నాడు తండ్రి. దాన్ని చూస్తూ చూస్తూ ఉండగా చిన్నదానికి ఉపాయం తట్టింది. పెద్ద కంపెనీ వాళ్ళు కొత్తగా వీడియోలో ఫిర్యాదులు తీసుకుంటున్నారు. ఆ వైరు తగిలించుకుని వాళ్ళ ముందు కూర్చుంటే చాలు, నెట్ తప్పకుండా ఆగుతుంది. తను ఆగిపోతే అక్క నడుచుకుంటూ తనని దాటిపోతుంది. ఎవరి వయసు వాళ్ళకొస్తుంది.

"నన్ను కూడా దులుపుతావు కదమ్మా?" అని అడిగింది.

"ఏం చేస్తాను? నాకెలాగూ తప్పదు," అంది తల్లి, గుడ్డ వెతుక్కుంటూ.

ఆదివారం పొద్దున్న కూర్చుంది. కూర్చుందో లేదో, కంపెనీవాడు ఎత్తాడు! టై కట్టుకున్న కుర్రవాడు తెర మీదికొచ్చి, "చెప్పండి మేడమ్, మీ సమస్య ఏమిటి?" అన్నాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ ఆమె నోటిదాకా వచ్చాయి. అంతలో వాడి మొహం గళ్ళుగళ్ళుగా విడిపోవడం మొదలెట్టింది. ఆమె చూపుడువేలు కదల్లేదు. తర్వాత మణికట్టు.

లోపలి గదిలోంచి అక్క గొంతు వినపడింది.

"అక్కా! ఇంకాసేపు పడుకుంటానే. ఎవరూ లేపొద్దని చెప్పవూ?"

గారాల గొంతు. దుప్పట్లోంచి, నవ్వుతో కలిసి వచ్చింది. ఆ ఇంట్లో అక్క తనకోసం ఒకటి కావాలని అడగడం చిన్నది ఎప్పుడూ వినలేదు. ఎంత గుర్తుచేసుకున్నా, అక్క లేవకముందు తను లేచిన రోజు ఒక్కటీ గుర్తురాలేదు.

కుడిచెయ్యి మోచేతిదాకా బిగుసుకుపోయింది. ఎడమచేత్తో వైరు పట్టుకుని పీకేసింది. దాంతోపాటు గోడ సున్నం కూడా రాలింది.

తండ్రి సగం గడ్డం నురగతో పరిగెత్తుకొచ్చాడు. "ఎవరే అది పీకింది? ఏడాది ఇంకా అవలేదు!"

"నేనే," అంది ఆమె, తిమ్మిరెక్కిన వేళ్ళు విదిలించుకుంటూ. "పెద్దదాన్ని. ఏది ఉండాలో ఏది పోవాలో నేను చూసుకుంటాను. నువ్వు కాస్త మెల్లగా మాట్లాడు నాన్నా, చెల్లి పడుకుంది."