లిఫ్టు బాగుచేసేవాళ్ళ పాట

రోజూ పొద్దున్నే చానో తన సెలూన్ తలుపు తీసి, వాకిలి కడిగి, తువ్వాలు దులిపే నెపంతో ఎదురింటి మూడో అంతస్తు వైపు చూసేవాడు. అక్కడి నుంచి ఎలోయిసా తాడు కట్టిన బుట్టను కిందికి వదిలేది. దారిన పోయేవాళ్ళెవరో అందులో రొట్టె వేసేవాళ్ళు. పేటలో సగంమందికి కార్నివాల్ పండగ వేషాలు కుట్టేది ఆమే. మోకాళ్ళు అరిగిపోయాక మెట్లు దిగడం మానేసింది. ఆ ఇంటికి లిఫ్టు లేదు.

జట్లు వేషాలేసుకుని నవ్వుల పాటలు పాడే ఆ కార్నివాల్ రోజుల్లో మాత్రం ఆమెకు వీధి దగ్గరికొచ్చేది. కాదిజ్ ఊళ్ళో లా విన్యా పేట బాల్కనీలు అంతే మరి! కింద పాటకు జనం పడిపడి నవ్వారంటే, పూలకుండీలతో మనుషులతో సహా నేలదాకా దిగి వింటాయి. నవ్వు ఆగాక ఎక్కడివక్కడికి వెళ్ళిపోతాయి. అవి దిగేటప్పుడు కింద నిలబడ్డవాళ్ళు కాళ్ళు కాస్త పక్కకు పెట్టుకోవాలి. ఎలోయిసా మాత్రం కుర్చీలోంచి లేచేది కాదు. బాల్కనీ తనను వదిలేసి పోతే ఆ మెట్లు ఎక్కడం ఆమె వల్ల కాదు.

ఈసారి సెవియా నగరం నుంచి చెల్లెలు బ్రిహిదా వచ్చి కూర్చుంది. సోమవారమే అక్కను తనతో తీసుకుపోతుందట.

"మా ఇంట్లో లిఫ్టుంది. వేలితో నొక్కితే చాలు. ఈ గోలలో ఇంకా ఏం చూసుకుని ఉంటావే?" అంది.

వద్దనడానికి ఎలోయిసాకు కారణం దొరకలేదు. సరేనంది.

ఆదివారం మధ్యాహ్నానికి వీధి కిక్కిరిసిపోయింది. సముద్రపు గాలి, చిన్నరొయ్యల అట్ల వాసన, ఎటు చూసినా వేషాలే! ఒక పక్క ఆక్టోపస్‌లు, ఇంకో పక్క గడ్డాలున్న పెళ్ళికూతుళ్ళు. ఎవరి జట్టు పాట వాళ్ళది. బాల్కనీలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. ఆ గుంపులోంచి తోసుకుంటూ చానో జట్టు వచ్చింది. లిఫ్టు మరమ్మతు వాళ్ళ వేషం, నీలం బట్టలు, ఛాతీ మీద అంతస్తుల బొత్తాలు. కుట్టింది ఎలోయిసాయే. ఈ వేషమే ఎందుకని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

అట్లు వేస్తున్న తోన్యి గరిటె ఊపింది. "ఓయ్ చానో! మీ పాటకు ఇన్నేళ్ళలో పూలకుండీ అయినా కదిలిందా? పెద్ద డప్పుంది కదా, దాని వెనకే దాక్కో!"

ఎలోయిసా రేపే వెళ్ళిపోతోందని చానో చెవిన పడింది. ఇవాళ ఆమె బాల్కనీ దిగకపోతే మరి ఎప్పుడూ దిగదు.

మొదటి చరణం నగరసభ మీద. జనం నవ్వారు. ఎలోయిసా బాల్కనీ కిర్రుమంటూ రెండో అంతస్తుదాకా వచ్చింది! దాంతో చానోకు మతి పోయింది. అనుకున్న చరణం వదిలేసి కళ్ళు మూసుకుని పాడాడు.

"వెళ్ళిపోకే ఎలోయిసా, వీధి చిన్నబోతుందే..."

కార్నివాల్‌లో ఏడుపు పాట! వీధి మూగబోయింది. బాల్కనీ చరచరా పైకి వెళ్ళిపోయింది.

గిటారు వాయించే ఫెర్మిన్ అతని చొక్కా పట్టుకుని లాగాడు. "ఒరేయ్, బుద్ధుందా నీకు? ఈ పేటలో ఎవడైనా ఏడ్చి మెప్పించాడా? నవ్వించరా! నవ్వించడానికి ఏమీ దొరక్కపోతే నిన్నే చూపించు!"

చానో చెమట తుడుచుకున్నాడు. ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. అది చెబితే పరువు గంగలో కలుస్తుంది. కలవనీ అనుకుని డప్పు మీద దబదబా కొట్టాడు.

"సెలూన్ చానో ప్యాంటుకు వారంవారం చిరుగంట,
గోడ మేకే చింపిందని పేటంతా నమ్మిందంట,
మేకూ లేదు గీకూ లేదు, కత్తెర తనదేనంట,
కుట్టే చేతిని చూడాలని మూడంతస్తులెక్కాడంట!"

 తోన్యి గరిటె పారేసి పొట్ట పట్టుకుంది. ఆక్టోపస్‌లు ఒకరి మీద ఒకరు పడ్డారు. వీధి వీధంతా నవ్వు! బాల్కనీ ఒక్క ఊపున దిగి డప్పు ముందు ఆగింది. బ్రిహిదా ఊచలు పట్టుకుని కెవ్వుమంది.

ఎలోయిసా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది.

"మేకుకు చిరిగితే పోగులు లేస్తాయిరా మొద్దూ! నీ చిరుగు ఎప్పుడూ గీత గీసినట్టుండేది. నాకు మొదటివారమే తెలుసు."

"మరి... తెలిసి కూడా కుట్టావా?"

"కుట్టాను, నాసిరకం దారంతో. మళ్ళీ తొందరగా చిరగాలి కదా."

ఈసారి నవ్వలేకపోయింది చానో ఒక్కడే. డప్పు కిందపెట్టి బాల్కనీ దగ్గరికి జరిగాడు.

నవ్వు సన్నగిల్లుతోంది. బాల్కనీ కిర్రుమంది. ఎలోయిసా ఊచల తలుపు తీసి, అతని భుజం పట్టుకుని, ఒక కాలు, ఆ తరవాత రెండోది వీధిలో పెట్టింది.

"అక్కా! ఏం చేస్తున్నావే? మళ్ళీ ఎలా ఎక్కుతావు?" పూలకుండీల మధ్య నుంచి, ఒంటరిగా పైకి పోతూ బ్రిహిదా అరిచింది.

"ఎక్కను," అంది ఎలోయిసా తలెత్తి. "చానో ఇల్లు కిందే ఉంది."

ఆ మాటకు జనం మళ్ళీ నవ్వారు. బాల్కనీ మాత్రం ఆగలేదు. మూడో అంతస్తుకు వెళ్ళి, నెమ్మదిగా గోడకు ఆనుకుని, అక్కడే ఉండిపోయింది.