నేలకు దప్పిక

నిండు కుండను భుజానికెత్తుకోబోతున్న ఆశీర్వాదాన్ని భార్య రాహేలు గద్దించింది.

"ఏందయ్యా, ఉతికిన చొక్కా తడుపుకొని పరీచ్చకు పోతావా? కుండ ఆడ పెట్టు!"

పెట్టాడు. గిద్దలూరు స్టేషన్ వెనక, టెలిగ్రాఫు తార్ తీగె నేలలోకి దిగే చోట రోజూ పొద్దున్నే ఒక కుండ నీళ్లు పోయడం ఇరవై రెండేళ్లుగా అతని పని. అక్కడ గడ్డిపోచ కూడా మొలవలేదు. ప్యాసింజర్లు నవ్వేవారు.

ఆశీర్వాదం బ్యాటరీ ఖలాసీ. గాజు జాడీల్లో నవాసారం నీళ్లు నింపి నింపి వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయాయి. లైన్‌మన్ అయి ఇత్తడి బిళ్ల పెట్టుకోవాలంటే కరెంటు పాఠాల పరీక్ష గట్టెక్కాలి. రాతకు అరవై మార్కులు, చేతిపనికి నలభై. రెంటిలోనూ విడివిడిగా పాసవ్వాలి. ఆరుసార్లు రాశాడు. చేతిపనిలో ప్రతిసారీ నలభైకి నలభై. రాతలో ఎప్పుడూ పదకొండు దాటలేదు. ఇదే ఆఖరి అవకాశం, వయసు మీరిపోతోంది.

"ఆ ఇత్తడి బిళ్ల లేకుంటే పేతురు పరలోకం గేటు తీయడా ఏంది?" అంది రాహేలు.

"తీస్తాడులే. ఏం పని చేసినావురా అంటే ఏం జెప్పాల?"

మద్రాసు కాలేజీ నుంచి వచ్చిన మేష్టారు వెయిటింగ్ రూములో కాగితాలు పంచారు. ఈసారి ఒకటే ప్రశ్న: 'సర్కీటు అనగా నేమి? అది పూర్తి యగుటకు ఏమి కావలెను?'

ఆశీర్వాదం ముఖం వెలిగిపోయింది. కుర్రతనంలో తాసిల్దారు డేరాలు మోసినవాడు, సర్కీటు అంటే అతనికి తెలియనిదేముంది?

గంట తర్వాత మేష్టారు పైకే చదివారు. "సర్కీటు అనగా దొరగారు ఊళ్ల మీద తిరుగుట. అందుకు బంగళా, రెండెడ్ల బండి, బంట్రోతు, కోళ్లు నాలుగు, గుడ్లు డజను కావలెను. ఎక్కడ బయలుదేరిరో అక్కడికే తిరిగి చేరవలెను. నడుమ ఎక్కడ ఆగినా సర్కీటు కానేరదు."

వాకిట్లో నిలబడ్డ తార్ గుమాస్తా ఆంజనేయులు పగలబడి నవ్వాడు. మేష్టారు ఎర్ర సిరాతో గుండ్రంగా సున్న చుట్టి, మార్కులు మద్రాసుకు తార్ కొట్టమన్నారు.

ఆంజనేయులు మీట నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మేష్టారు కోటు విప్పి తీగెలు గీకారు, జాడీలు తడిమారు, చెమటలు కక్కారు. లైను చచ్చినట్టే ఉంది.

"దొరా, తప్పు నాదే," అన్నాడు ఆశీర్వాదం. "పొద్దున నేలకు నీళ్లు పోయలా. దప్పిక్కొనింది."

పరుగెత్తి, పొద్దున దించిన కుండ తెచ్చి అక్కడ బోర్లించాడు. ఎర్రమట్టి గుటగుటా తాగింది. ఉతికిన చొక్కా తడిసింది. లోపల యంత్రం టకటకమంది.

మేష్టారు బయటికొచ్చారు. "నీళ్లకూ దానికీ ఏమిటయ్యా సంబంధం?"

"తీగె మీద పోయింది పోతాది దొరా. తిరిగొచ్చేది నేలలోనే గదా. ఎండిపోతే ఎట్లొస్తాది? బయల్దేరిన కాడికి రాకుంటే ఇంగేం లాభం?"

మేష్టారు లోపలికెళ్లి ఆ కాగితం మళ్లీ చదివారు. సున్న కొట్టేసి, ఇరవై నాలుగు వేశారు. సరిగ్గా పాసు మార్కు.

"కోళ్లకూ గుడ్లకూ ఏమీ లేవు," అన్నారు గంభీరంగా. "ఇవి చివరి రెండు వాక్యాలకే."

ఆ మార్కులు ఆశీర్వాదం తడిపిన నేల మీదుగానే మద్రాసు చేరాయి.

ఉత్తర్వూ బిళ్లా పదో రోజు వచ్చాయి. ఎనిమిదో రోజు పొద్దున్నే నీళ్లు పోసి, కుండ పక్కన కూర్చుని కునుకు తీసినట్టే ఆశీర్వాదం వెళ్లిపోయాడు. మనిషి లేకపోతే బిళ్ల వాపసు పంపాలని రూలు. ఆంజనేయులు రూలు పుస్తకంలో ఆ పేజీ చదవనట్టే ఊరుకుని, బిళ్లను రాహేలు చేతిలో పెట్టాడు.

ఇప్పుడు పొద్దున్నే ఆమె వచ్చి నీళ్లు పోసి పోతోంది. స్టేషన్ వెనక నీడలో ఖాళీ కుండ ఆరుతూ ఉంటుంది, మెడకు 'లైన్‌మన్' అని చెక్కిన ఇత్తడి బిళ్లతో.