కందిపప్పు కింద కాగితం

చింతపండులో గింజలు తీస్తున్నాను. మా అంగట్లో అమ్మే సరుకే, కానీ గింజలు తీసే పని ఇంట్లోది, అంటే నాది. "కూచోని చేసే పనే గదా" అంటాడు మా ఆయన వాసుదేవ్. ఎదురుగా మా మధులత పదో తరగతి సైన్సు పుస్తకం ముందేసుకుని గుండె పాఠం రాస్తోంది. పదిసార్లు రాయమన్నది నేనే. పదిసార్లూ పది రకాలుగా తప్పు రాసింది. స్కేలుతో ఆ వేళ్ల మీద ఒక్కటిచ్చాను. ఏడవలేదు. "రాదులే మా, నేను మొద్దుదాన్ని" అని మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది. నేను స్కేలు పక్కన పడేశాను.

ఎందుకంటే నాకు తెలుసు. పోయినేడు కర్నూల్లో డాక్టరమ్మ చెప్పింది, "పిల్లకు తెలివి తక్కువేం కాదమ్మా, అక్షరాలతోనే ఇబ్బంది. డిస్లెక్సియా అంటారు. బొమ్మలతో చెప్పండి, నెట్‌లో దొరుకుతాయి" అని. పరీక్షలో వేరేవాళ్లచేత రాయించుకోవచ్చని కాగితం కూడా ఇచ్చింది. ఇంటికొస్తే మా అత్త, "తల్లి దగ్గర కూచోబెట్టుకోని చదివిస్తే ఈ రోగాలు యాడుంటాయి?" అంది. ఆయన, "నలుగురికీ తెలిస్తే సంబంధాలు యాడ నుంచి వస్తాయి? పొయ్యిలో పెట్టు" అన్నాడు. పెట్టలేదు. స్కూల్లోనూ ఇవ్వలేదు. కందిపప్పు డబ్బా అడుగున దాచాను. అందులో నేను తప్ప ఎవరూ చెయ్యి పెట్టరు. వాళ్ల మీదికి నెట్టడమెందుకు, నాకూ భయమే వేసింది. మధుకు మాత్రం ఏమీ లేదన్నారని చెప్పాను.

స్కేలుతో కొట్టిన రోజు సాయంత్రమే టైలరు దగ్గరికని ఇంట్లో అబద్ధం చెప్పి, కోయిలకుంట్ల బస్టాండు పక్కనున్న కృపమణి నెట్ సెంటరుకు మధును తీసుకుపోయాను. చాలాసేపటికి తెర మీద గుండె బొమ్మ కదిలింది. పక్కనంతా ఇంగ్లీషే. మధు ఆ అక్షరాల జోలికే పోలేదు. తెర మీద వేలు పెట్టి, "చెడ్డ రక్తం నీలంగా ఈడికి వస్తాంది, ఊపిరితిత్తుల్లోకి పోయి ఎర్రగయి మళ్లా ఈడికే వస్తాంది, ఈడ నుంచి ఒళ్లంతా పోతాంది. ఇంతేనా మా?" అంది.

"పాప శానా చురుగ్గుండాది గదక్కా!" అంది కృపమణి.

మధు నా వైపు తిరిగింది. "అయితే నేను మొద్దు కాదా మా?"

ఛీ, నేనూ ఒక తల్లినేనా అనిపించింది.

పరీక్ష దరఖాస్తులకు మర్నాడే ఆఖరు. పొద్దున్నే పప్పు చాటలోకి ఒంపి, కాగితం దులుపుకుని, మధు చెయ్యి పట్టుకుని స్కూలుకు పోయాను. హెడ్మిస్ట్రెస్ కాగితం పైకి చదివి, తేదీ చూసింది.

"ఇది తీసుకుని ఏడాదైందే! ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదమ్మా?"

మా ఆయన వద్దన్నాడని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"దాచింది నేనే మేడం."

మధు చెయ్యి లాక్కుంది. "తెలిసే కొట్టినావా మా?"

"అవును తల్లీ" అన్నాను. దరఖాస్తులో తండ్రి సంతకం అని ఉన్నచోట నా పేరు రాశాను.