రెండో సాక్షి

మైసయ్య ఆ ముసలామె ఎడమ బొటనవేలిని గుడ్డతో తుడుస్తున్నాడు. సిరా గోటి సందులోకి పోయింది. గుడ్డ కొసకు నూనె చుక్క అంటించి మళ్లీ తుడిచాడు. ఆమె తుర్కపల్లి నుంచి వచ్చింది. కొడుకు పేరున ప్లాటు గిఫ్టు రాసింది. వేలు పెట్టకముందు మైసయ్య ఆమెను మూడు మాటలు అడిగాడు. నీ పేరేంది. మీ నాయిన పేరేంది. దేనికి వేలు వెడుతున్నవ్. మూడింటికీ జవాబు వచ్చాకే సాక్షిగా సంతకం చేశాడు.

"పెండ్లి సంబంధం మాట్లాడుతుండు మా మైసన్న," అన్నాడు దస్తావేజులు రాసే సుధాకర్, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా. రోజుకు ఒక్కసారైనా ఆ మాట అంటాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా రేకుల షెడ్డు. టేబులు సుధాకర్‌ది, బెంచీ మైసయ్యది. పద్దెనిమిదేళ్లుగా అదే బెంచీ. అంతకుముందు శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. సిటీ నుంచి ప్లాట్లు కొనడానికి వచ్చేవాళ్లకు ఇక్కడ తెలిసినవాళ్లు ఉండరు. వాళ్లకు సాక్షి కావాలి. ఆ సంతకమే మైసయ్య కూలి. తన పేరు తప్ప ఇంకో ముక్క అతనికి రాయరాదు, చదవరాదు.

మూడు మాటలు అడగమని అతనికి ఎవరూ నేర్పలేదు. అతని తండ్రి ఎకరన్నర కౌలుకిస్తున్నాననుకుని ఒక కాగితం మీద వేలు పెట్టాడు. అది అమ్మకం కాగితం. పక్కన ఇద్దరు సాక్షులున్నారు, ఇద్దరూ ఊరివాళ్లే. దేనికి వేలు పెడుతున్నవని వాళ్లలో ఒక్కరూ అడగలేదు.

చదువు లేకపోయినా, విని విని మైసయ్యకు కాగితాల సంగతి వచ్చింది. సుధాకర్‌ను అడిగితే టైపు చేస్తూ సగం చెబుతాడు కాబట్టి జనం బెంచీ దగ్గరికి వస్తారు. ఆ పొద్దున కుత్బుల్లాపూర్ నుంచి వచ్చిన భార్యాభర్తలు, ప్లాటు మీది పాత అమ్మకాలు, అప్పులు చూపే ఈసీలో ఏ లావాదేవీ లేదు, ఇక కొనొచ్చా అని అడిగారు. ఈసీలో రిజిస్టరైనవే కనబడతాయని, ఇంట్లో రాసుకున్న అగ్రిమెంట్లు కనబడవని చెప్పాడు. ప్లాటు మీద నిలబడి, చుట్టుపక్కల వాళ్లను అడిగి రమ్మన్నాడు. ఇంకొకతను, యజమాని తరఫున అమ్మే హక్కిచ్చే జీపీఏ మీద కొంటున్నాడు. రాసిచ్చినవాడు బతికున్నాడా, ముందు అది కనుక్కోమన్నాడు. మనిషి పోతే జీపీఏ కూడా పోతుంది.

పదకొండింటికి బాలరాజు వచ్చాడు. అలియాబాద్ మనిషి, నలభై దాటాయి. నిలబడే మాట్లాడాడు. తండ్రి గాలయ్య మేడ్చల్‌లో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇల్లూ, దాని వెనక జాగా ఆయన సంపాదించినవే, తాతలవి కావు. చెల్లెలు వినోద ఆ ఇంట్లోనే ఉండి ఆయన్ను చూసుకుంటోంది, తను వేరే ఇంట్లో ఉంటాడు. రాయకుండా పోతే ఆమెకు సగం వస్తుంది. అంతా తన ఒక్కడి పేర వీలునామా రాయించొచ్చా అని అడిగాడు. సొంతంగా సంపాదించింది ఎవరికైనా రాసుకోవచ్చన్నాడు మైసయ్య.

"ఆఫీసుల రిజిస్ట్రీ గావాల్నా కాకా?"

"వీలునామకు అక్కర్లే. చేస్తే మంచిదే, చెయ్యకున్నా చెల్లుతది. ఆయన తెలివిల ఉండాలె. వేలు వెట్టంగ ఇద్దరు సూడాలె."

"ఇద్దరే?"

"ఇద్దరే."

బాలరాజు ఆ మాటను ఇంకోసారి చెప్పించుకుని సుధాకర్ దగ్గరికి వెళ్లాడు.

ఒంటిగంటకు మైసయ్య డబ్బా విప్పి అన్నం, పచ్చిపులుసు తిన్నాడు. తనే వండుకున్నాడు. భార్య పోయి నాలుగేళ్లు. ఆఖరి రోజంతా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

మూడు దాటాక షెడ్డు వెనక కారు ఆగింది. సుధాకర్ కాగితాలు, సిరా డబ్బా తీసుకుని వెళ్లాడు. కాసేపటికి మైసయ్యను పిలిచాడు. మొదటి సాక్షి సంతకం అప్పటికే ఉంది. జిరాక్సు షాపు రమేష్ పెట్టి వెళ్లిపోయాడు.

వెనక సీట్లో గాలయ్య తల ఒక పక్కకు వాలి ఉంది. మెడచుట్టూ తువ్వాలు. ఎడమ బొటనవేలికి సిరా. కాగితం మీద వేలిముద్ర ఇంకా ఆరలేదు.

"పెద్దయ్యా, నీ పేరేంది?" అన్నాడు మైసయ్య వంగి.

"ఆయనకు చెవులు ఇనరావు," అన్నాడు బాలరాజు.

మైసయ్య గట్టిగా అడిగాడు. తర్వాత చెయ్యి పట్టుకుని మణికట్టు మీద వేళ్లు ఉంచాడు. సూది తీసిన చోట దూది అంటించి ఉంది. చెయ్యి ఇంకా చల్లబడలేదు. కానీ ఆ బరువు అతనికి తెలుసు.

"ఎప్పుడు పోయిండు?"

సుధాకర్ రోడ్డువైపు చూశాడు.

"ఎప్పుడు పోయిండు బాలరాజు?"

"దారిల, అంతాయిపల్లి దాటినంక. మాట్లాడుకుంటనే వచ్చిండు కాకా. నాకే రాస్త అన్నడు. ఒట్టు."

"అన్నడేమో. నేను ఇనలే."

"పొద్దుగాల నువ్వే గదా జెప్పినవ్, ఇద్దరు సాలని."

 మైసయ్య భుజం మీది గుడ్డ తీసి గాలయ్య వేలు తుడిచాడు. గోటి సందులో కూడా తుడిచాడు. బాలరాజు అడ్డు చెప్పలేదు. ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు, ముద్ర చెదరకుండా.

"చెల్లెకు ఫోన్ జేసినవా?"

"నా ఇంటికి పోయినంక జేస్త. ఇంట్లనే పోయిండని చెప్త."

"సంతకం వెట్టు మైసన్నా," అన్నాడు సుధాకర్. "నువ్ వెట్టకుంటే ఇంకోడు వెడతడు. రేపు ఆ బెంచీ మీద గూడ ఇంకోడే కూసుంటడు."

"కూసోనియ్యి సారు."

సుధాకర్ టీకొట్టు దగ్గర నిలబడ్డ సందీప్‌ను కేకేశాడు, అతనూ అక్కడ సాక్షి సంతకాలు పెట్టేవాడే. సందీప్ కారులోకి చూడలేదు. కాగితాన్ని బానెట్ మీద పెట్టి పేరు రాసి, మిగిలిన టీ తాగడానికి వెళ్లాడు.

మైసయ్య షెడ్డులోకి వచ్చి డబ్బా కడిగి సంచిలో వేసుకున్నాడు. ఎవరైనా అడిగితే చూసింది చూసినట్టు చెబుతాడు. కానీ ఆ కాగితం మీద అతని పేరు లేదు. వినోద ఎవరినైనా అడగాలంటే, అందులో పేర్లున్న ఇద్దరినే అడుగుతుంది.

కారు వెనక్కి తిరిగి అలియాబాద్ దారి పట్టింది. అది ఆగిన చోట, వెనక తలుపు తెరిచిన వైపు, కొబ్బరి బొండం ఒకటి ఒరిగిపోకుండా రాయికి ఆనించి ఉంది. తండ్రి అడిగితే బాలరాజు దారిలో ఆగి కొట్టించినట్టుంది. నీళ్లు అట్లాగే ఉన్నాయి. పక్కనే స్ట్రా, చుట్టిన కాగితం కూడా విప్పనిది.