ఎర్ర గచ్చు

ఉన్న టైల్స్ పీకించి, వంటగదికి ఎర్ర గచ్చు చేయించుకుంటున్న దేవకుమారిని చూసి తాడేపల్లిగూడెం చర్చి ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. పెళ్లీ పెటాకులూ లేని టీచరమ్మకి రిటైరయ్యేముందు పిచ్చి పట్టిందన్నారు.

పిచ్చి కాదు, ఆశ. అమ్మ ఉన్నన్నాళ్లూ తనూ చెల్లెలు స్టెల్లా అమ్మతోపాటు పాత ఇంటి గచ్చు మీద కత్తిపీట చుట్టూ చేరేవారు. కొల్లేటి కొరమీనుకి బూడిద అద్ది, పొలుసు తీస్తూ తెగ కబుర్లాడుకునేవారు. అమ్మ పోయాక, స్టెల్లా ఏలూరు నుంచి ఎప్పుడొచ్చినా గుమ్మంలో నుంచే వెళ్లిపోయేది. నేల మీద చతికిలబడే వంటగది ఉంటే చెల్లెలు కూర్చుంటుందని దేవకుమారి నమ్మింది.

అందుకే గట్టుకి పాలిష్ పెట్టని కడప రాయి, గోడలకి సున్నం, అలమరలకి పాత టేకు, దాని మీద వార్నిష్ బదులు అవిసె నూనె, అన్నీ ఏరికోరి పెట్టించుకుంది. గచ్చు సంగతి మాత్రం మేస్త్రీ ఏడుకొండలు ముందే చెప్పాడు.

"ఇది టైల్‌లాగా మొదటిరోజే మెరవదండీ. మనుషులు తిరిగేకొద్దీ నిగ్గు తేలుద్ది. మీ ఇంట్లో తిరిగేవాళ్లున్నారాండీ?"

"మా చెల్లెలొస్తుందిలెండి."

వచ్చింది కూడా. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, వంటగది గుమ్మంలో నిలబడి ఫోటోలు తీసుకుంది. బకెట్లో కొరమీను, పక్కన బూడిద, కత్తిపీట చూసి కంగారుపడిపోయింది.

"ఇంత బాగా చేయించుకుని నీచు అంటిస్తావా అక్కా? పాడైపోద్ది. నేను బిరియానీ తెచ్చాలే."

ప్రేమగానే అంది, అదే దేవకుమారికి ఎక్కువ బాధయింది. హాల్లో కూర్చుని తిన్నారు. కొరమీను పక్కింటికి వెళ్లింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా స్టెల్లా ఆ గుమ్మం దాటలేదు.

ఏడాది తిరిగాక సున్నం వేయడానికి ఏడుకొండలు వచ్చాడు. నేల మీదకి వంగి చూశాడు. పొయ్యి నుంచి గుమ్మం దాకా సన్నటి బాట ఒక్కటే అద్దంలా మెరుస్తోంది. మిగతాదంతా మొదటిరోజులాగే మసకగా ఉంది. సున్నం బకెట్ అందుకుని గోడవైపు తిరిగాడు. తిరిగేవాళ్లున్నారా అని మళ్లీ అడిగి ఉంటే ఆవిడ ఏడ్చేసేదే.

పనయ్యి ఆయన వెళ్లిపోయాక, తలుపు వేసుకుని దేవకుమారి నేలంతా పరీక్షగా చూసింది. మచ్చుకి ఒక్క మరక కూడా లేదు. బడిలో ఏనాడూ అబద్ధమాడని మనిషి ఫోను తీసి చెల్లెలికి చేసింది.

"స్టెల్లా, వంటగది గచ్చు పాడైపోయిందే. అంతా మరకలే. ఇంక నువ్వొచ్చి కూర్చోవచ్చు."